మడి, వస్వాస్, చాదస్తం: ఒక జబ్బు, దాని చికిత్స చరిత్ర

మన భాషలో మనసు జబ్బులకున్న పేర్లను పరిశీలిస్తే సమాజం వాటిని ఏ కళ్లతో చూసిందో అర్థమవుతుంది. పిచ్చి, వెర్రి, గాలి, దయ్యం – ఇవన్నీ మనిషిని ఊరి వెలుపలికి నెట్టే మాటలు. చాదస్తం అనే మాట అలా నెట్టదు, నవ్వుతుంది. ఛందస్సు అంటే వేదం. వేదం వల్లించేవాడు ఛాందసుడు. అక్షరం పొల్లు పోకుండా పట్టుకు వేళ్లాడే అతని గుణం ఛాందసం. అది జనం నోట్లో పడి చాదస్తమయింది. శ్రమచేసి బతికే జనం శిష్టవర్గాన్ని చూసి నవ్వుకున్న నవ్వు ఆ మాటలో వుంది. ఆ నవ్వుతో నాకు పేచీ లేదు. అయితే రోజుకు యాభైసార్లు చేతులు కడుక్కొని, వేళ్ల సందులు పుళ్లుపడి, “నేనెందుకిట్ల చేస్తున్నానో నాకే తెలీదు” అని ఏడ్చే మనిషికి కూడా మనం ఆ మాటే తగిలించాం. ఆమెను చూసి కూడా నవ్వాం. 2017లో వచ్చిన ‘మహానుభావుడు’ సినిమాలో కథానాయకుడికి ఈ జబ్బే వుంటుంది. హాళ్లలో జనం నవ్వింది పాత నవ్వే.

వైద్యులు దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు, పొట్టిగా ఓసీడీ. ఇందులో రెండు భాగాలుంటాయి. మొదటిది వద్దన్నా వచ్చే ఆలోచన: చేతికి మైల అంటిందేమో, తలుపు గడియ వేయలేదేమో, దేవుడి ముందు బూతు నోటికొస్తుందేమో, చంకలోని బిడ్డను నేనే బావిలో వేస్తానేమో. రెండోది ఆ ఆలోచన లేపిన భయాన్ని చల్లార్చడానికి చేసే పని: కడగడం, లెక్కపెట్టడం, వెనక్కి వెళ్లి చూసుకోవడం, లోలోపల మంత్రమో దువానో చదువుకోవడం, పక్కవాళ్లను “ఏం కాలేదు కదా” అని పదేపదే అడగడం. 2015–16లో బెంగళూరు నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 0.8 మందికి ఈ జబ్బు వుంది. అంటే వెయ్యిమంది పెద్దలున్న ఊళ్లో ఏడెనిమిది మంది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవన్నది వేరే సంగతి.

ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది జబ్బు లక్షణాలను కాదు, దాని చికిత్స చరిత్రను. ముఖ్యంగా ప్రవర్తనా చికిత్స అనే పద్ధతి ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లో పడింది, బళ్లారిదాకా వచ్చిన మానసిక వైద్యం కర్నూలు జిల్లా పడమటి ఊళ్లకు ఎందుకు చేరలేదు అన్నవి నా ప్రశ్నలు.

చికిత్సకంటే ముందు శాస్త్రం వచ్చింది. ఇక్కడ శాస్త్రమంటే ధర్మశాస్త్రం. మనుస్మృతి అయిదో అధ్యాయంలో, మలమూత్రాల తర్వాత ఏ అవయవాన్ని ఎన్నిసార్లు మట్టితో కడగాలో అంకెలతో సహా వుంది. ఎడమచేతికి పది, రెండు చేతులకూ కలిపి ఏడు. ఇది గృహస్థుకు. బ్రహ్మచారికి దీనికి రెట్టింపు, వానప్రస్థుడికి మూడు రెట్లు, సన్యాసికి నాలుగు రెట్లు. పొలంలో బురదతొక్కే మనిషికి ఈ లెక్కలతో పనేమిటన్న ప్రశ్న ఆ గ్రంథకర్తకు రాలేదు, రాదు కూడా. శుద్ధి అనేది పనినుంచి విముక్తి పొందిన వర్గం పనిచేసేవాళ్లనుంచి తనను వేరుచేసుకునే కొలమానం. మైల అంటుకునేది ఎప్పుడూ కిందినుంచి పైకే!

అయినా ఒక తేడా గమనించాలి. మనువు లెక్క ఎంత పెద్దదైనా దానికి చివర వుంది. పది అంటే పదే. జబ్బు మనిషి లెక్కకు చివర లేదు. పదోసారి కడిగాక, “ఇది పదోదేనా, తొమ్మిదోదా” అన్న అనుమానం వస్తుంది. కాబట్టి మడి ఈ జబ్బును పుట్టించిందని తేల్చేయడం తొందరపాటు. జబ్బు ఏ సమాజంలో పుడితే ఆ సమాజపు గుడ్డలు కట్టుకుంటుంది.

ఇస్లాం సంప్రదాయం ఈ సంగతిని మనకంటే ముందే గుర్తించిందనిపిస్తుంది. నమాజుకు ముందు చేసే వుజూలో మోచేతిదాకా నీళ్లు తడిశాయో లేదోనని మళ్లీమళ్లీ మొదలుపెట్టేవాళ్లను అరబ్బీలో ‘వస్వాస్’ పట్టినవాళ్లు అన్నారు. మనసులో గుసగుసలాడే చెడ్డ ఊహ అని ఆ మాటకు అర్థం. ఖురాన్ చివరి అధ్యాయంలో ఆ మాట వుంది. ఆదోని పేటల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఇప్పటికీ వాడుకలో వుంది. 1223లో మరణించిన ఇబ్న్ ఖుదామా అనే పండితుడు, ఇలా నీళ్లు వృథాచేసేవాళ్లను మందలిస్తూ ఒక చిన్న పుస్తకమే రాశాడు. అంతకు మూడు వందల ఏళ్ల ముందే బల్ఖ్‌కు చెందిన అబూ జైద్ అనే వైద్యుడు ఈ ఆలోచనలను మనసు రుగ్మతల్లో ఒకటిగా లెక్కగట్టాడు. ఒకరు మందలించారు, ఒకరు వైద్యం ఆలోచించారు. యూరప్ క్రైస్తవ మఠాల్లో దీన్ని ‘స్క్రూపుల్’ అన్నారు. చెప్పులో పడిన చిన్న గులకరాయి అని ఆ లాటిన్ మాటకు మూలార్థం. చేసిన పాపాన్నే మళ్లీమళ్లీ ఒప్పుకోవడానికి వచ్చే భక్తులతో పాద్రీలు విసిగిపోయేవారట.

మన పడమటి తాలూకాల్లో ఈ రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే వున్నాయి. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం, అక్కడి మఠం మడి. ఆదోనిలో నవాబుల కాలంనాటి మసీదులు. మధ్యలో మగ్గాలు, పత్తి మిల్లులు, వేరుసెనగ చేలు, వానకోసం ఎదురుచూపు.

యూరప్‌లో దీన్ని మతం చేతినుంచి వైద్యం చేతికి తెచ్చినవాళ్లలో ఎస్కిరోల్ మొదటివాడు. 1838లో అచ్చయిన అతని గ్రంథంలో ‘ఎఫ్’ అనే ఒక వ్యాపార కుటుంబపు స్త్రీ వుంది. పిన్నమ్మ ఇంటినుంచి వస్తూ ఆమె వస్తువేదో తన జేబులో పడిందేమోనన్న భయంతో ఆమె జబ్బు మొదలయింది. తర్వాత దుకాణం లెక్కల్లో ఎవరికి అన్యాయం చేశానో అన్న భయం. ఆపైన ముట్టుకున్న ప్రతి వస్తువునుంచీ విలువైనదేదో చేతికి అంటుకుందేమోనన్న భయం, గంటలకొద్దీ చేతులు దులుపుకోవడం, కడుక్కోవడం. మనకు కులం మైల, ఫ్రెంచి బూర్జువా ఇంట్లో సొత్తు మైల! 1877లో జర్మనీలో వెస్ట్‌ఫాల్ దీనికి ఒక కచ్చితమైన నిర్వచనమిచ్చాడు. తెలివితేటలు చెక్కుచెదరకుండానే, మనిషి ఇచ్ఛకు విరుద్ధంగా వచ్చే ఆలోచన ఇది, అది అర్థంలేనిదని ఆ మనిషికే తెలుసు అన్నాడు. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. మళ్లీ దానితో పనిపడుతుంది.

ఫ్రాయిడ్ గురించి మన సాహిత్యంలో చాలా రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను. 1907లో ఆయన మతాచారాలకూ ఈ జబ్బులోని తంతులకూ వున్న పోలికను చర్చించాడు. 1909లో ‘ఎలుకల మనిషి’గా పేరుపడిన రోగి కథ ప్రచురించాడు. వర్ణన అద్భుతం. చికిత్స మాత్రం ధనికుల సోఫామీద ఏళ్లతరబడి సాగేది. అయితే 1918లో బుడాపెస్ట్ ఉపన్యాసంలో ఆయనే రెండు ముఖ్యమైన మాటలన్నాడు. భయం జబ్బుల్లో రోగి తన భయాన్ని ఎదుర్కొనేదాకా ఊరికే విశ్లేషిస్తూ కూచుంటే లాభంలేదన్నాడు. పేదవాడికి కూడా మనసు వైద్యం పొందే హక్కు వుందని, ఏదో ఒకనాటికి ప్రభుత్వాలు ఉచితంగా అందించవలసి వస్తుందని అన్నాడు. ఆయన శిష్యుల్లో ఎక్కువమంది ఈ రెండు మాటల్నీ సౌకర్యంగా మరిచిపోయారు.

ఆ ఖాళీలోకి కత్తి వచ్చింది. 1935లో పోర్చుగల్‌లో మోనిజ్ మెదడు ముందుభాగపు నరాల దారుల్ని తెగ్గొట్టే ఆపరేషన్ మొదలుపెట్టాడు, 1949లో దానికి నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఈ జబ్బువాళ్లకు కూడా ఆ ఆపరేషన్లు చేశారు. కత్తి మనదేశానికి రావడానికి ఆలస్యం కాలేదు. 1940ల్లోనే బెంగళూరులో అలాంటి ఆపరేషన్లు జరిగాయి. 

రెండోదారి పావ్లోవ్ ప్రయోగశాలనుంచి బయలుదేరింది. వలయం చూపితే ఆహారం, దీర్ఘవృత్తం చూపితే ఆహారం లేదు అని కుక్కకు నేర్పి, ఆ దీర్ఘవృత్తాన్ని క్రమంగా వలయానికి దగ్గరచేస్తూపోతే, తేడా పోల్చలేని దశలో కుక్క మొరిగి, కట్లు కొరికి, నేర్చుకున్నదంతా పోగొట్టుకుంది. మనసు రుగ్మత ఆత్మలోంచి ఊడిపడదు, పరిస్థితులనుంచి పుడుతుంది, పరిస్థితుల్ని మార్చి దాన్ని మార్చవచ్చు అన్న భౌతికవాద సూత్రానికి అది ప్రయోగంలో దొరికిన ఆధారం. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ కలిసి పదకొండు నెలల పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనకనుంచి ఇనపకడ్డీమీద సుత్తితో కొట్టి, ఎలుకంటే భయం నేర్పారు. ఆ భయాన్ని పోగొట్టకుండానే పిల్లవాణ్ణి పంపేశారు. అదే ఏడు విశ్వవిద్యాలయంనుంచి ఉద్వాసన పొందిన వాట్సన్ ప్రకటనల కంపెనీలో చేరి, జనానికి సరుకులమీద కోరిక నేర్పే పనిలో బాగా సంపాదించాడు. నేర్పిన భయాన్ని మాన్పవచ్చని చూపించింది మేరీ కవర్ జోన్స్ అనే యువతి. 1924లో, కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును రోజుకు కొంచెం దగ్గరకు తెచ్చింది. వాట్సన్ పేరు తెలిసినంతగా ఆమె పేరు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత మౌరర్ అనే అమెరికన్ దీన్ని రెండు మెట్లుగా విడమరిచాడు. భయం ఒక మెట్టులో అంటుకుంటుంది. రెండో మెట్టులో, భయంనుంచి తప్పించుకునే పని ఆ భయాన్నే బతికిస్తుంది. చేతులు కడిగితే కాసేపు ప్రాణం కుదుటపడుతుంది. కుదుటపడింది కనుకనే మళ్లీ కడగాలనిపిస్తుంది. కడగకపోయినా ఏమీకాదని తెలుసుకునే అవకాశం ఆ మనిషికి ఎన్నడూ రాదు. షావుకారు వడ్డీ కట్టడానికి షావుకారు దగ్గరే మళ్లీ అప్పుచేసే రైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. కట్టిన ప్రతిసారీ ఆ రాత్రికి నిద్రపడుతుంది, అప్పు మాత్రం పెరుగుతుంది.

దక్షిణాఫ్రికాలో, రెండో ప్రపంచయుద్ధంలో బెదిరిన సైనికులకు వైద్యంచేసిన జోసెఫ్ వోల్ప్, పిల్లులమీద ప్రయోగాలు చేసి 1958లో పుస్తకం ప్రచురించాడు. ఒంటిని సడలించి, భయాన్ని మెట్లుమెట్లుగా ఊహింపజేయడం అతని పద్ధతి. తేలంటే, ఎత్తంటే భయపడేవాళ్లకు అది పనిచేసింది. కడిగే జబ్బు మాత్రం అంతగా లొంగలేదు.

దాన్ని లొంగదీసింది లండన్‌లో మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేసిన విక్టర్ మేయర్. 1966లో అతను ఇద్దరు స్త్రీల చికిత్స వివరాలు ప్రచురించాడు. ఒకామె బడిపంతులమ్మ, శుభ్రం జబ్బు. ఇంకొకామెకు ముప్పయ్యారేళ్లుగా దైవదూషణ ఆలోచనలు. కరెంటు వైద్యం వంటివన్నీ అయిపోయి, ఇక మెదడుకోతే గతి అన్న స్థితిలో వున్నవాళ్లు. మేయర్ చేసింది వినడానికి చాలా మోటుగా వుంటుంది. మేలుకున్నంతసేపూ పక్కన నర్సు. మైల అనుకున్నవాటిని ముట్టుకోమనడం. తర్వాత కడగనివ్వకపోవడం. బడిపంతులమ్మ గదిలో కుళాయి నీళ్లే కట్టేశారు. భయం ఆకాశానికి లేచింది. లేచి, కొంతసేపు నిలిచి, దానంతటదే దిగింది. రోజులు గడిచేకొద్దీ తక్కువ ఎత్తుకు లేచి, తొందరగా దిగింది. 1974నాటికి మేయర్, అతని సహచరులు 15 మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. వారిలో పదిమంది బాగా కోలుకున్నారు. అప్పటిదాకా నయంకాదని వదిలేసిన జబ్బు ఇది. ఆ తర్వాత మాడ్‌స్లీ ఆసుపత్రిలో రాక్‌మన్, హాడ్జ్‌సన్, మార్క్స్, అమెరికాలో ఎడ్నా ఫోవా ఈ పద్ధతిని సాపుచేశారు. కాపలా, బలవంతం తగ్గించి, రోగి తానే ఒప్పుకొని తన చేత్తో తాను చేసే పనిగా మార్చారు. 2005లో ప్రచురించిన ఒక పరీక్షలో ఈ చికిత్స మొదలుపెట్టినవాళ్లలో నూటికి 62 మందికి మేలు జరిగింది. క్లోమిప్రమిన్ మాత్రతో 42 మందికి, రెండూ కలిపితే 70 మందికి, ఉత్తుత్తి మాత్రతో 8 మందికి. కనుక మందు వద్దనే వాదన నాది కాదు. మందుతోపాటు ఇది కూడా వుందని చెప్పేవాళ్లు లేకపోవడం గురించి నా వాదన.

మాడ్‌స్లీలో జరిగిన ఇంకో పనికి, ప్రాముఖ్యం వుండీ, ప్రచారం రాలేదు. 1972నుంచి ఐజాక్ మార్క్స్ మామూలు నర్సులకు ఈ చికిత్స నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్ల ఫలితాలు పెద్ద చదువుల వైద్యుల ఫలితాలకు తీసిపోలేదు. వైద్యజ్ఞానం ఒక గుత్త సొత్తు అన్న భ్రమకు అక్కడ బీటపడింది.

ఇక్కడ మన మిత్రులు కొందరు అభ్యంతరం చెబుతారు. ప్రవర్తనావాదం మనిషిని యంత్రంగా చూస్తుంది, అది యాంత్రిక భౌతికవాదం, పాలకవర్గాలకు జనాన్ని దారికితెచ్చే సాధనం అంటారు. ఈ అభ్యంతరంలో నిజముంది. 1971లో స్కిన్నర్ రాసిన పుస్తకం మనిషి స్వేచ్ఛ, ఆత్మగౌరవం అనేవాటిని పాతబడిన భావాలుగా కొట్టిపారేసింది. 1960ల్లో స్వలింగ ప్రేమికులైన మగవాళ్లకు కరెంటు షాకులిచ్చి ‘మార్చడానికి’ ప్రయత్నించినవాళ్లు కూడా ప్రవర్తనా చికిత్సకులే. మనవైపు తప్పులూ తక్కువేం కాదు. 1950లో మాస్కోలో జరిగిన పావ్లోవ్ సమావేశం ఒక శాస్త్రవేత్త కృషిని వేదవాక్యంగా మార్చి, భిన్నంగా ఆలోచించిన శరీరధర్మ శాస్త్రజ్ఞులను పదవులనుంచి దింపింది. పావ్లోవ్‌కు జరిగింది ఛాందసమే! కాని ఒక పద్ధతి స్వభావాన్ని దాన్ని కనిపెట్టినవాడి తత్వంనుంచి కాక, ఆచరణలో అది ఎవరిచేత ఏం చేయిస్తున్నదో చూసి నిర్ణయించాలి. స్వలింగ ప్రేమికుడి విషయంలో సమాజపు భయాన్ని అతనిలోకి ఎక్కించారు. కడిగే మనిషి విషయంలో ఆమెలోకి ఎక్కిన భయాన్ని దించుతున్నారు. రెండూ ఒకటి కావు.

అయితే ఈ తేడా అంత తేలికగా తెగదు. ఆ సంగతి నాకు తెలిసింది పుస్తకాలనుంచి కాదు, మా చిన్నమ్మ నుంచి.

మా చిన్నమ్మ నేతపని వదిలి సేద్యంలోకి దిగిన ఇంట పుట్టి, గోనెగండ్లలో అలాంటి ఇంటికే కోడలయింది. 1982లో రెండో కాన్పు తర్వాత ఆమెకు కడగడం మొదలయింది. మొదట చేతులు, తర్వాత బిందెలు, తర్వాత గడప, తర్వాత వీధినుంచి వచ్చిన ప్రతి మనిషి కాళ్లు. హంద్రీ పక్కనే పారుతుంది, గాజులదిన్నె జలాశయమూ దగ్గరే. అయినా ఎండాకాలంలో మంచినీళ్లకు బిందెల వరస తప్పని ఊరది. ఇంటిల్లిపాదికీ పది బిందెలు చాలేచోట ఆమె ఒక్కదానికే పాతిక కావాలి. ఊళ్లో “బాపనామెకంటే మడి ఎక్కువ” అని నవ్వేవాళ్లు. కులాన్నిబట్టి మడి లేనిదానికి మడెందుకన్న ఎత్తిపొడుపు అది. మొక్కులయ్యాయి, తాయెత్తులయ్యాయి. ఒక పట్నం ఆసుపత్రిలో నిద్రమాత్రలిచ్చి, “పనిలేక ఇట్ల చేస్తుంది, పనిలో పెట్టండి” అన్నారు. తెల్లవారి నాలుగింటికి లేచే మనిషిని గురించి అన్నమాట అది. 1990లో ఆమె కూతురు ఎనిమిదో తరగతితో బడి మానేసింది. కారణం పెళ్లీ కాదు, పేదరికమూ కాదు, నీళ్లు. “మా, ఇంగ సాలు” అని ఆ పిల్ల, “ఇంగొక్క చెంబు పొయ్ తల్లీ, ఒగే ఒగ చెంబు” అని ఈమె. ఆ ఒక్క చెంబు సంవత్సరాలపాటు సాగింది.

లండన్‌లో కుళాయి కట్టేస్తే జబ్బు తగ్గిందని చదివినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. గోనెగండ్లలో నీళ్లు లేకుండాపోయిన రోజులు ఎన్ని లేవు? నీళ్లు లేనినాడు చిన్నమ్మ మట్టితో, బూడిదతో, చివరకు పొడిగుడ్డతో తుడుచుకునేది. కొరత చికిత్స కాదు. భయాన్ని తానే ఎదురు పిలిచి, దాని ఎదుట నిలబడి, అది దిగేదాకా చూడటం చికిత్స. మొదటిదాన్ని కరువు చేస్తుంది. రెండోదానికి పక్కన ఒక మనిషి కావాలి.

ఆ మనిషి 1992లో బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రిలో దొరికాడు. కన్నడం మాట్లాడే యువకుడు. మా పడమటివాళ్లకు కన్నడం కొంత వచ్చు కనుక మాట నడిచింది. భయాలన్నిటినీ చెప్పించి, ఒక్కోదానికి నూటికి ఎన్ని మార్కులో వేయమన్నాడు. చిన్నమ్మకు మార్కులు తెలియవు. కూతురు ఆ లెక్కను అణాల్లోకి మార్చింది. సొంత గడప ముట్టుకోవడం నాలుగణాల భయం. వీధిలో విడిచిన చెప్పులు ఎనిమిదణాలు. బస్టాండులో బెంచీ పన్నెండణాలు. పదహారణాల భయం ఏమిటంటే, కల్లంలో చెరిగే మాదిగామె చేతినుంచి చేట అందుకొని, కడుక్కోకుండా అన్నం తినడం.

ఆ నిచ్చెనను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, దాని పై మెట్టు మెదడులో తయారైంది కాదు. మనువు అంకెలు అక్కడున్నాయి. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చి, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరుమార్చుకున్న తర్వాత కూడా అక్కడున్నాయి. చికిత్సకుడు నిచ్చెన చివరిదాకా ఎక్కాలన్నాడు, ఎక్కకపోతే జబ్బు తిరగబెడుతుందన్నాడు. శాస్త్రరీత్యా అతను చెప్పింది సరైనదే. ఊరికి వచ్చాక కూతురు ఆ చెరిగే ఆమెకు సంగతంతా చెప్పి సాయం అడిగింది. ఆమె కాసేపు ఊరుకుని, “నన్ను ముట్టుకుంటే మీయమ్మ రోగం కుదురుతాదా? బాగుంది. మరి ఊరికుండే రోగానికి ఎవుర్ని ముట్టుకోవాల?” అంది. అని, చేట ఇచ్చింది. వరసగా పన్నెండు రోజులు ఇచ్చింది. పదకొండో రోజున చిన్నమ్మ చేయి వణకలేదు.

నేను ఈ సంఘటనను ఎంతో కాలంగా ఆలోచిస్తున్నాను. వెస్ట్‌ఫాల్ నిర్వచనం ఇక్కడ మళ్లీ అవసరమవుతుంది. మా చిన్నమ్మకు తన భయం అర్థంలేనిదని తెలుసు, దానితో పోట్లాడింది, దానివల్ల నలిగింది. అదే వీధిలో, అదే మనిషి చేతి నీళ్లు తాగనివాళ్లకు ఏ బాధా లేదు, ఏ అనుమానమూ లేదు, రాత్రి సుఖంగా నిద్రపోతారు. జబ్బు ఆమెకుంది, వాళ్లకు లేదు. 1985 జూలైలో కారంచేడులో, మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడుచేయవద్దన్న పాపానికి ఆరుగురిని చంపినవాళ్లను ఏ వైద్యుడూ శుభ్రం జబ్బువాళ్లనడు. అనకూడదు కూడా. కులాన్ని మానసికరోగం అని తేలికచేసే వాదం ఈమధ్య పట్నాల్లో వినిపిస్తోంది. అది భూమి, కూలి, అధికారం అన్నవాటిని పక్కకు నెట్టి, దోషిని రోగిగా చూపిస్తుంది. చికిత్స చిన్నమ్మ భయాన్ని దించింది. ఊరి నిచ్చెన అలాగే వుంది. చెరిగే ఆమెకు ఆ పన్నెండు రోజులకు ఎవరూ కూలి ఇవ్వలేదు, చికిత్సలో సగం పని ఆమెదే అయినా.

ఇక చరిత్రలో మన జిల్లాకు సంబంధించిన ముక్క. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను ముక్కలుచేశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. అంతకుముందు బళ్లారి మన జిల్లాకేంద్రం. అది జరిగిన మూడు దశాబ్దాలకు, 1985లో, నిమ్‌హాన్స్ ఇంచుమించు 20 లక్షల జనాభా వున్న బళ్లారి జిల్లాను ఎంచుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వైద్యం నేర్పే ప్రయోగం మొదలుపెట్టింది. 1982లో ప్రకటించి కాగితాలమీదే వుంచిన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అది మొదటి ఆచరణ రూపం. 1996లో దేశమంతటికీ నమూనా అయిందీ అదే. ఆంధ్రలో మొదట దక్కింది మెదక్ జిల్లాకు. అంటే ఒక గీత అటో ఇటో పడివుంటే, దేశానికి నమూనా అయిన ప్రయోగం ఆదోని పల్లెల్లో జరిగేది. మా చిన్నమ్మ బిందెలు లెక్కపెట్టుకుంటున్న ఆ అయిదేళ్లలో గీతకు ఆ పక్కన వూళ్లలో ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి అడిగేవాడు.

అయితే వచ్చి ఏం అడిగేవాడు? ఇక్కడ మన అభిమానాన్ని కొంచెం అదుపులో పెట్టుకోవాలి. బళ్లారి నమూనా ప్రాధాన్యమిచ్చింది తీవ్రమైన మతిభ్రమణానికి, మూర్ఛలకు, కుంగుబాటుకు, బుద్ధిమాంద్యానికి. దాని చేతిలో వున్నవి కొద్దిరకాల మాత్రలు. అది తప్పని నేననను. గొలుసులతో కట్టేసిన మనిషిని విడిపించడం ముందు జరగాలి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు షెడ్లలో, గొలుసులతో కట్టివున్న 28 మంది నిప్పుల్లో మాడిపోయారు. కాని మాత్ర ఇవ్వడానికి రెండు నిమిషాలు చాలు. చేట పక్కన కూచోడానికి గంటన్నర కావాలి, అలా పదిహేను ఇరవైసార్లు. రోజుకు వందమందిని చూసే డాక్టరు దగ్గర ఆ గంటన్నర లేదు. అందుకే నమూనా పెరిగి, చట్టాలు వచ్చి, 2017నాటి మానసిక ఆరోగ్య చట్టం వైద్యాన్ని హక్కుగా ప్రకటించినా, ఈ చికిత్స పెద్ద నగరాల్లో గంటకింత అని కొనుక్కునే సరుకుగానే మిగిలింది. 2022 అక్టోబరులో ‘టెలీ మానస్’ పేరిట 14416 నంబరు వచ్చింది. ఫోనులో ఓదార్పు దొరుకుతుంది, దారి చెబుతారు. ఆ దారి చివర కూచునే మనిషి ఎక్కడ?

మా చిన్నమ్మ విషయంలో ఆ మనిషి పదిహేనేళ్ల కూతురు. బెంగళూరులో మూడు వారాలు చూసి నేర్చుకుంది. ఊళ్లో ఏడాదిపాటు రోజూ సాయంత్రం గంటసేపు తల్లి పక్కన కూచుంది. “ఏం కాదు లేమ్మా” అని ధైర్యం చెప్పకూడదని, ఆ ధైర్యం కూడా ఒక చెంబు నీళ్లేనని ఆమెకు అర్థమయింది. చాలామంది డాక్టర్లకు అర్థంకాని సంగతి అది. బిందెలు పాతికనుంచి ఆరుకు దిగాయి. 1996లో కొడుకుకు జబ్బు చేసినప్పుడు తిరగబెట్టి, మళ్లీ తగ్గింది. పూర్తిగా పోలేదు. 2020లో దేశమంతా చేతులు కడుక్కొమ్మని చెప్పినప్పుడు, “ఎన్నిసార్లో లెక్క చెప్పమను, అంతే కడుగుతా” అందట. కూతురు మాత్రం మళ్లీ బడికి పోలేదు.

మాడ్‌స్లీలో నర్సులకు నేర్పినదీ, ఈ పిల్ల మూడు వారాల్లో నేర్చుకున్నదీ ఒకటే పని. ప్రతి ఊళ్లోనూ ఇప్పుడొక ఆశా కార్యకర్త వుంది. కాన్పులు, టీకాలు, క్షయ మాత్రలు, సర్వేలు అన్నీ ఆమె నెత్తిమీదే. ఇంకో పని పెట్టేముందు జీతం సంగతి తేల్చమని ఆమె అడుగుతుంది, అడగాలి కూడా. ఆ గంటన్నరకు కూలి ఎవరిస్తారన్నది ఎమ్మిగనూరులోనో ఆదోనిలోనో తేలే లెక్క కాదు. కర్నూలులోనూ తేలదు. బడ్జెట్లు రాసేచోట తేలాలి.